గడి పేరు చెప్పని పంచాంగం

ఉగాదికి వారం ముందు మా మనవడు లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, "తాతయ్యా, పంచాంగం పేజీ అయిపోయింది, చూడు" అన్నాడు. చూశాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కంటికి ఇంపుగా ఉంది. గళ్లన్నీ కొలిచి గీసినట్టున్నాయి. పైన మామిడాకుల తోరణం, చుట్టూ పసుపు అంచు. బాణం గుర్తు వరుస మీదికి పోగానే ఆ వరుసంతా లేత రంగులో వెలుగుతోంది. మా ప్రెస్సులో ఇలాంటిది వేయాలంటే మూడు రంగులకు మూడుసార్లు కాగితం మిషనెక్కాల్సి వచ్చేది. మురిసిపోయి, పై వాటాలో అద్దెకుండే లెక్చరర్ గారిని పిలిచాను.

ఆయనకు చూపు లేదు. కంప్యూటరు చదివి వినిపిస్తుంటే పని చేసుకుంటారు. పాఠాలు తయారు చేసుకోవడం, మార్కులు ఎక్కించడం, బ్యాంకు పనులు అన్నీ అలాగే. పంచాంగం దగ్గర మాత్రం నాకంటే ఛాందసుడు. వర్జ్యంలో గడప దాటమంటే దాటరు.

తన కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి, కీబోర్డు మీద, పట్టిక దగ్గరికి దూకించే టి అక్షరం నొక్కారు. "నో నెక్స్ట్ టేబుల్" అంది గొంతు. అంటే ఆ పేజీలో పట్టికే లేదట! మా వాడి మొహం చూడాలి అప్పుడు. ముప్ఫై రోజుల పట్టిక కళ్లెదుట నిగనిగలాడుతుంటే లేదంటుందేమిటని వాడి బాధ. సరే అని ఆయన కింది బాణం నొక్కుకుంటూ పోయారు. గొంతు అంకెలు దొర్లించడం మొదలుపెట్టింది. "శనివారం... దశమి... ఆశ్లేష... 9-24, 10-58... 18-48, 20-22... ఆదివారం... ఏకాదశి..."

కాసేపు విని లెక్చరర్ గారు అడిగిన మాట ఒక్కటే. "బాబాయ్ గారూ, ఇందులో వర్జ్యం ఏది, అమృతఘడియలు ఏవండీ?"

పంచాంగం అలవాటు లేనివాళ్ల కోసం చెబుతున్నాను. వర్జ్యం అంటే ఏ మంచి పనీ మొదలుపెట్టకూడని వేళ. అమృతఘడియలంటే ఏ పనైనా మొదలుపెట్టదగిన వేళ. తమాషా ఏమిటంటే రెండూ నాలుగేసి ఘడియలే. ఘడియకు 24 నిమిషాల చొప్పున గంటన్నర పైచిలుకు. ఒకే నక్షత్రంలో రెండూ పడితే నిడివి కూడా ఒకటే. అంకెల వాలకం చూసి ఇది అది, అది ఇది అని ఎవరూ చెప్పలేరు. పైన ఉన్న శీర్షిక ఒక్కటే వాటిని వేరు చేస్తుంది. ఆ శీర్షిక చెవికి చేరకపోతే, పెళ్లిచూపులకు బయలుదేరమని చెప్పేది ఏ గడో, బయలుదేరొద్దని చెప్పేది ఏ గడో ఎలా తెలియాలి?

"తాతయ్యా, పైన రాశాను కదా" అన్నాడు మా వాడు.

పైన రాశాడట. పైన రాయడానికీ గడికి పేరు తగిలించడానికీ తేడా తెలియని కాలం వచ్చింది. మా రోజుల్లో ఆ తేడా నాకు పదిహేడో ఏటే తెలిసింది. మొట్టికాయలతో తెలిసింది.

1968లో రాజమండ్రిలో పంచాంగాలు అచ్చు వేసే ఒక ప్రెస్సులో చేరాను. చేరగానే అక్షరాలు ముట్టనివ్వలేదు. ముందు కాపీ హోల్డర్ పని. ఇప్పటివాళ్లకు ఆ మాటే తెలియదు. ప్రూఫులు దిద్దే పంతులు గారు అచ్చు కాగితం ముందేసుకుని ఎర్రసిరా కలం పట్టుకుంటారు. నేను ఎదురుగా కూర్చుని సిద్ధాంతి గారి చేతిరాత ప్రతి పైకి చదవాలి. ఆయన చెవితో నన్ను వింటూ, కంటితో అచ్చును చూస్తూ, తేడా ఉన్నచోట గీత పెడతారు. మామూలు వచనమైతే ఎవడైనా చదువుతాడు. పట్టిక చదవడమే విద్య.

పంతులు గారి పద్ధతి ఇది. మొదట పట్టిక పేరు చెప్పాలి. ఎన్ని వరుసలో, ఎన్ని కాలమ్‌లో చెప్పాలి. తర్వాత ప్రతి గడికీ దాని కాలమ్ పేరు చెప్పి అంకె చెప్పాలి. "శనివారం. తిథి, దశమి. నక్షత్రం, ఆశ్లేష. వర్జ్యం, తొమ్మిదీ ఇరవై నాలుగు లగాయితు." ఒకే కాలమ్‌లో కిందికి దిగుతుంటే కాలమ్ పేరు మళ్లీ మళ్లీ అక్కర్లేదు, రోజు పేరు మారినప్పుడల్లా అది చెబితే చాలు. అడ్డంగా పోతుంటే రోజు పేరు ఒకసారి, కాలమ్ పేరు గడిగడికీ. ఖాళీ గడి వస్తే ఊరుకోకూడదు, "ఖాళీ" అని అనాలి. ఊరుకుంటే నేను చదవడం మరిచిపోయానో, అక్కడ నిజంగా ఏమీ లేదో ఆయనకు తెలియదు కదా.

రోజుకు ఎనిమిది గంటలు ఇదే. గొంతు బొంగురుపోయేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, నిద్రమత్తులో కాలమ్ పేర్లు ఎగరగొట్టి ఉత్త అంకెలు చదువుకుంటూ పోయాను. పంతులు గారికీ కునుకు పట్టినట్టుంది, అంకెకు అంకె సరిపోతోందని టిక్కులు పెట్టుకుంటూ పోయారు. సిద్ధాంతి గారు ఆ పుటలో వర్జ్యం, అమృతఘడియల కాలమ్‌లు అటుదిటు చేసి రాశారని మా ఇద్దరికీ తట్టలేదు. కంపోజిటరు మాత్రం ఎప్పటి వరుసలోనే శీర్షికలు పేర్చేసి, చేతిరాతలో ఉన్న వరుసలో అంకెలు కూర్చేశాడు. అంకెలన్నీ ఒప్పే. పట్టిక మొత్తం తప్పు. కుట్టుపని అయ్యాక ఎవరో పట్టుకున్నారు. రెండు వేల కాపీలకు సవరణ చీటీలు కోసి, మైదా జిగురుతో ఒక్కొక్కటీ అంటించాం. రెండు రాత్రులు పట్టింది. యజమాని నన్ను ఒక్క మాటా అనలేదు. పంతులు గారు మాత్రం నెత్తిన రెండు మొట్టి, "అంకెలు సంతలో కూడా దొరుకుతాయిరా అబ్బాయ్" అన్నారు.

ఆ తర్వాత కంపోజింగులోకి వెళ్లాను. మా ప్రెస్సులో టేబుల్ మ్యాటర్‌కు రెట్టింపు కూలి. ఊరికే ఇస్తారా? తెలుగు అక్షరానికి కింద ఒత్తు, పైన గుణింతం. ఇంగ్లీషు పట్టికలా ఇరుకు వరుసలు పెట్టడానికి లేదు. ఇత్తడి రూళ్లు కొలిచి కత్తిరించాలి. ఖాళీ గడిలో కూడా సీసం దిమ్మలు నింపాలి, లేకపోతే చట్రం బిగించేటప్పుడు పట్టికంతా కుప్పకూలుతుంది. అయినా ఒకటి గమనించాను. ఇత్తడి ఖరీదని కొన్ని చిన్న పట్టికలకు గీతలే లేకుండా వేసేవాళ్లం. అయినా అవి పట్టికలే. జనం చక్కగా చదువుకునేవారు. గీతలు గీస్తే పట్టిక అవుతుందనుకోవడం గీతల వ్యాపారికి తప్ప ఎవరికీ లాభం లేదు.

ఇక మా రోజుల గొప్పలు చెప్పుకుంటూ పోతే మీరు నమ్మేస్తారేమో, ఇక్కడ ఆగి మా పాపమూ చెప్పాలి.

1999లో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, యజమాని గారబ్బాయి పుణ్యమా అని వెబ్ పేజీలు చేయడం నేర్చుకున్నాను. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అక్కడి వేళలతో పంచాంగం పెట్టాలని ఆ అబ్బాయి ఆలోచన. రాజమండ్రి తిథి వేళ డల్లాస్‌లో పనికిరాదు కదా. హెచ్‌టీఎమ్ఎల్‌లో టేబుల్ అనే ట్యాగు ఉందని తెలియగానే ప్రాణం లేచొచ్చింది. ఇత్తడి రూలు లేదు, సీసం దిమ్మ లేదు. తెగ సంబరపడిపోయి ఏం చేశామో తెలుసా? పట్టిక కాని ప్రతిదాన్నీ పట్టికలో పెట్టాం. ఎడమవైపు మెనూ ఒక గడి, కుడివైపు ప్రకటన ఒక గడి, నడుమ వ్యాసం ఒక గడి. గడిలో ఇంకో టేబుల్, దాని గడిలో ఇంకోటి. గడి కుంచించుకుపోకుండా ఒక పిక్సెలు పొడవు, ఒక పిక్సెలు వెడల్పు ఉన్న కనబడని జిఫ్ బొమ్మను సాగదీసి ఇరికించేవాళ్లం. అచ్చంగా మా సీసం దిమ్మే, బరువు లేదంతే. లోకమంతా అదే చేసింది. పేజీ అలంకరణకు సీఎస్ఎస్ అనేది 1996 డిసెంబరులోనే వచ్చినా, నెట్‌స్కేప్ 4 లాంటి బ్రౌజర్లకు అది సరిగ్గా అబ్బలేదు. టేబులు ఒక్కటే అన్నిచోట్లా నిలబడేది.

అదే నెట్‌స్కేప్ 4లో టేబులు మూసే ట్యాగు మరిచిపోతే పేజీ మొత్తం తెల్లకాగితం. ఒక్క అక్షరం కనబడదు. అలా తిట్లు తిని శుభ్రత నేర్చుకున్నాం. ఇప్పటి బ్రౌజర్లు ఎంత తప్పు రాసినా సర్దుకుపోయి ఏదో ఒకటి చూపిస్తాయి. గారాబం చేసిన పిల్లల్లా తయారయ్యారు రాసేవాళ్లు.

మా ఇంకో పాపం అక్షరాలది. అప్పట్లో మా తెలుగు యూనికోడ్ కాదు. పైకి "దశమి" అని కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల గుర్తులే. ఏ యంత్రమైనా దాన్ని చదివితే బూతులా వినబడేది. కాబట్టి మా రోజుల్లో చూపులేనివాళ్లకు మా పంచాంగం ఉపయోగపడిందని నేను కోయను. ఉపయోగపడలేదు. కాని ఒకటుంది. మాకు సాధనం లేదు, ఇప్పుడు ఉంది. లేనివాడు చేయకపోవడం వేరు, ఉండి చేయకపోవడం వేరు.

ఎప్పటినుంచి ఉందనుకున్నారు? 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎమ్ఎల్ 4 లోనే శీర్షిక గడికి దిక్కు చెప్పే 'స్కోప్' ఉంది. ఏ గడి ఏ శీర్షిక కిందికి వస్తుందో పేరు పెట్టి చెప్పే 'హెడర్స్' ఉంది. 1999 మేలో వచ్చిన మొదటి డబ్ల్యూసీఏజీ నియమాల్లో, అంటే వెబ్ అందరికీ అందేలా ఉండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం పెట్టిన సూత్రాల్లో, వివరాల పట్టికకు అడ్డ శీర్షికలూ నిలువు శీర్షికలూ గుర్తించి పెట్టమని విడిగా చెప్పారు. మా పంతులు గారు ఏ కన్సార్షియంలోనూ లేకపోయినా ముప్ఫై ఏళ్ల ముందే చెప్పినది అదే.

ఆ తర్వాత ఏమైందంటే, పేజీ అమరికకు టేబులు వాడకూడదని పెద్దలన్నారు. న్యాయమే. కాని కుర్రాళ్లకు అది సగమే వినబడింది. టేబులే వాడకూడదనుకున్నారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు, అసలైన పట్టికలను కూడా టేబుల్ ట్యాగులోంచి వెళ్లగొట్టి డివ్ అనే పేరూ ఊరూ లేని పెట్టెల్లో పోశారు. మా వాడు చేసిందీ అదే. ముప్ఫై రోజులు, అయిదు కాలమ్‌లు, నూటయాభై డివ్‌లు. సీఎస్ఎస్‌తో గళ్లలా నిలబెట్టాడు. పైన పటారం, లోన లొటారం. అందుకే లెక్చరర్ గారు "టేబుల్ ఎక్కడ" అని అడిగితే యంత్రం లేదంది. అది అబద్ధం చెప్పలేదు.

"పోనీ ప్రతి డివ్‌కీ రోల్ టేబుల్ అని తగిలిస్తా తాతయ్యా" అన్నాడు. అదో పద్ధతి ఉంది, నియమాలు ఒప్పుకుంటాయి కూడా. కాని టేబులుకొకటి, వరుసకొకటి, శీర్షికకొకటి, గడికొకటి తగిలించుకుంటూ పోవాలి. ఒక్కటి మరిచిపోయినా గందరగోళమే. నిజం గుర్రం దొడ్లో కట్టేసి ఉండగా, కొయ్యగుర్రం చెక్కి మెడలో "గుర్రం" అని పలక వేలాడదీయడమెందుకురా అన్నాను. వాడికి నవ్వొచ్చింది. నవ్వినవాడు పని చేస్తాడు, కూర్చోబెట్టాను.

లెక్చరర్ గారు పక్కన, చెవులు నావి, వేళ్లు వాడివి. మళ్లీ మొదటినుంచి.

ముందు టేబుల్ ట్యాగు. దాని లోపల మొట్టమొదటే క్యాప్షన్. "చైత్ర మాసం, రాజమహేంద్రవరం, భారత కాలమానం." మా వాడు ఈ పేరును టేబులు బయట పెద్ద అక్షరాల్లో రాశాడు. బయట రాస్తే కంటికి సరే. ఒక పేజీలో నాలుగు మాసాల పట్టికలుంటే, ఒకదాన్నించి ఇంకోదానికి గెంతే మనిషికి ఏ మాసంలో దిగాడో తెలియదు. క్యాప్షన్ టేబులును అంటిపెట్టుకుని ఉంటుంది, దిగగానే వినబడుతుంది.

తర్వాత పై వరుస. రోజు, తిథి, నక్షత్రం, వర్జ్యం, అమృతఘడియలు. వాడు వీటిని మామూలు గడులుగా రాసి లావు అక్షరాలు చేశాడు. లావు చేస్తే శీర్షిక అవుతుందా? తలపాగా చుట్టుకున్న ప్రతివాడూ పెళ్లికొడుకా? మామూలు గడికి టీడీ అనే ట్యాగు, శీర్షిక గడికి టీహెచ్ అనే ట్యాగు. రెండక్షరాల్లో ఒకటే తేడా. దానికి స్కోప్ ఈక్వల్స్ కాల్ అని చేరిస్తే, ఈ పేరు కింద ఉన్న కాలమ్ మొత్తానికీ చెందుతుందని యంత్రానికి తెలుస్తుంది.

ఇక అడ్డ వరుసలు. ఇక్కడే మా వాడితో నాకు అసలు తగువొచ్చింది. మొదటి కాలమ్‌లో వాడు ఈసారి క్రమసంఖ్య చేర్చాడు. 1, 2, 3. మన ఆఫీసుల జబ్బు ఇది. ఏ పట్టిక తీసినా ముందు క్రమసంఖ్య ఉండాల్సిందే. దానికి టీహెచ్ పెట్టి స్కోప్ రో అంటే, ప్రతి వరుసకూ యంత్రం "పది, వర్జ్యం, 9-24" అని చదువుతుంది. పది ఎవరికి కావాలి? శనివారం కావాలి. వరుసకు పేరేదో అదే శీర్షిక కావాలి కాని, వరుసలో ముందు నిలబడినవాడు కాదు. క్రమసంఖ్య తీసేయించాను. వాడు గింజుకున్నాడు, లెక్చరర్ గారు నా పక్షం.

ఆ మాసంలో ఒక తిథి రెండు రోజుల సూర్యోదయాలకూ ఉంది. తిథి వృద్ధి అంటాం. వాడు ముచ్చటపడి ఆ రెండు రోజుల తిథి గడులనూ ఒకటిగా కలిపేశాడు. కంటికి బాగానే ఉంటుంది. వినేవాడు రెండో రోజు వరుసలో అడ్డంగా పోతుంటే గడులు తడబడతాయి, కొన్ని యంత్రాలు ఒక గడి ముందుకో వెనక్కో అడుగేస్తాయి. మా రోజుల్లో ఇలాంటిచోట "-డో-" అని పెట్టేవాళ్లం. పైదే మళ్లీ అని అర్థం. కాగితం మీద చెల్లింది. చెవికి "డో" అంటే ఏమిటి? పైకి వెళ్లి వెతుక్కోవాలి. ఈ ఒక్కదాంట్లో మా రోజుల అలవాటే తప్పు, ఒప్పుకుంటున్నాను. రెండు గడుల్లోనూ తిథి పేరు పూర్తిగా రాయించాను. సీసం ఖర్చు లేదు కదా ఇప్పుడు.

ఆదివారాలు, పండుగలు ఎర్రగా రాశాడు. క్యాలెండర్ల నుంచి వచ్చిన ఆచారం. ఎరుపు చెవికి వినబడదు, వర్ణాంధత ఉన్నవాళ్లకు కంటికీ ఆనదు. పండుగ పేరు అక్షరాల్లో రాయమన్నాను. 18-48 లాంటి లెక్క వద్దంటే, "ఉ.", "సా.", "రా." అని వేళల ముందు పొట్టి అక్షరాలు పెట్టాడు. యంత్రం "ఉ" అని గుటక మింగినట్టు అంటుంది. ఉదయం అని రాయమన్నాను. చోటు చాలదన్నాడు. చోటు చాలకపోవడం అంటే ఏమిటో వాడికి మా ఇత్తడి రూళ్లు చూపించాల్సింది. అమ్మేశాం.

ఫోను సంగతొచ్చింది. చిన్న తెరలో అయిదు కాలమ్‌లు పట్టవు కాబట్టి, ప్రతి వరుసనూ ఒక చీటీలా విడగొట్టడం ఇప్పటి ఫ్యాషన్. దానికోసం టేబుల్ ట్యాగుల డిస్‌ప్లే మార్చేస్తారు. అలా మారిస్తే కొన్ని బ్రౌజర్లు దాన్ని టేబులుగా లెక్కపెట్టడమే మానేసేవి. ఇంత కష్టపడి తగిలించిన శీర్షికలన్నీ గంగలో కలిసేవి. దానికంటే టేబులును టేబులుగానే ఉంచి, చుట్టూ పక్కకు జరిగే పెట్టె ఒకటి కట్టి, కీబోర్డుతో కూడా ఆ పెట్టెలోకి వెళ్లేలా చేస్తే సరి. పాత రైల్వే టైమ్ టేబుల్ పుస్తకంలో వేలు పెట్టి పక్కకు జరిపినట్టే ఇదీ.

శీర్షిక మీద శీర్షిక ఉండే పట్టికలు వేరు. పైన "దుర్ముహూర్తం" అని, దాని కింద "మొదలు", "ముగింపు" అని రెండు. వాటికీ మార్గం ఉంది. పై గడికి స్కోప్ కాల్‌గ్రూప్ అని, మరీ చిక్కైతే గడిగడికీ హెడర్స్ అని. నా మాట అడిగితే అంత చిక్కు వచ్చినప్పుడు పట్టికను రెండుగా కోయడమే మేలు. పంతులు గారు కూడా నాలుగు అంతస్తుల శీర్షిక వస్తే సిద్ధాంతి గారింటికి మనిషిని పంపేవారు, రెండుగా రాసివ్వమని.

పనయ్యేసరికి రాత్రి పది దాటింది. లెక్చరర్ గారు మళ్లీ టి అక్షరం నొక్కారు. ఈసారి గొంతు ఆగింది. టేబుల్, 31 వరుసలు, 5 కాలమ్‌లు అంది. మాసం పేరు, ఊరి పేరు చెప్పింది. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణాలతో కిందికి దిగారు, పక్కకు జరిగారు. "శనివారం... నక్షత్రం, ఆశ్లేష... వర్జ్యం, ఉదయం 9-24 నుంచి 10-58... అమృతఘడియలు, సాయంత్రం 6-48 నుంచి..." కిందికి దిగితే రోజు పేరు చెబుతోంది, కాలమ్ పేరు చెప్పడం లేదు. పక్కకు జరిగితే కాలమ్ పేరు చెబుతోంది, రోజు పేరు చెప్పడం లేదు. మారిందే చెబుతోంది. ఖాళీ గడి వస్తే "బ్లాంక్" అంటోంది.

నాకు గొంతు పట్టేసింది. అది పంతులు గారి పద్ధతి. ఎదురుగా కూర్చుని పదిహేడేళ్ల కుర్రాడు చదువుతున్నట్టే ఉంది, నిద్రమత్తు లేదంతే. అలా చదివి వినిపించే ఆ ప్రోగ్రాం పేరు ఎన్‌వీడీఏ. దాన్ని 2006లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలో చూపులేని ఒక యువకుడు, మైకేల్ కరన్. తర్వాత జేమ్స్ టే అనే ఇంకో చూపులేని యువకుడు కలిశాడు. డబ్బు తీసుకోకుండా అందరికీ ఇస్తున్నారు. తన చెవికి ఏం కావాలో తెలిసినవాడు చేసిన పని అలాగే ఉంటుంది.

ఇదంతా మా మనవడి మీద కోపం కాదు. వాడు కుర్రాడు, చెబితే విన్నాడు. నా కోపం పెద్దల మీద. మొన్న ఒక ఆఫీసు వాళ్లు బదిలీల జాబితా పెట్టారు. కాగితం ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ ఫొటో తీసి పెట్టారు. కంప్యూటర్లో చక్కగా పట్టికగా పుట్టినదాన్ని బొమ్మగా చంపి, ఆ శవాన్ని జనానికిచ్చారు. లెక్చరర్ గారి పేరు అందులో ఉందో లేదో నేను చదివి చెప్పాల్సి వచ్చింది. డెబ్భై దాటిన నేను, కళ్లజోడు తుడుచుకుంటూ, వంకరగా వచ్చిన ఫొటోలో వేలు పెట్టి, "ఖాళీ... సబ్జెక్టు, తెలుగు... పాత స్థానం..." అని పైకి చదివాను. యాభై ఏళ్ల తర్వాత మళ్లీ కాపీ హోల్డర్ ఉద్యోగం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని అందులో ఉంది. చట్టం కంటే ముందు, ఎదుటివాడికి జాబితా పంపుతున్నామన్న ఇంగితం ఉండాలి కదా.

ఇంకో సంగతి. ఈమధ్య మా వాడు పట్టికలు తనే రాయడం లేదు, ఏఐతో రాయిస్తున్నాడు. చూశాను. ఒకసారి చక్కగా టీహెచ్ పెడుతుంది, ఇంకోసారి డివ్‌లు కుమ్మరిస్తుంది. ఎవరు రాసినా నాకు పట్టింపు లేదు. మా ప్రెస్సులో కంపోజిటరు ఎంత గొప్పవాడైనా చదివి వినకుండా మిషనెక్కించేవాళ్లం కాదు.

పంచాంగమో, పరీక్షా ఫలితాలో, బస్సుల వేళలో, ధాన్యం ధరలో, మీరు ఏ పట్టిక పెట్టినా జనంలోకి వదిలేముందు ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి. మీ కంప్యూటర్లో ఎన్‌వీడీఏ పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. పట్టిక నడుమ ఏదో ఒక గడిలో ఆగండి. అది ఏ రోజుదో, ఏ కాలమ్‌దో మీ చెవికి తెలియకపోతే ఇంకా అచ్చుకు సిద్ధం కాలేదన్నమాట. సవరణ చీటీలు అంటించడానికి ఇప్పుడు మైదా జిగురు కూడా అక్కర్లేదు.